లేనమ్మ తల్లి బోటు

అక్టోబరు 9, బుధవారం

ఈ దీవిలోని బతు బస్తీ వాస్తవ్యుడను, ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాడను అయిన యర్రయ్య అనే నేను మిక్కిలి గంభీరంగా ప్రకటిస్తున్నది ఏమంటే, ఈ ఉదయం మా మత్స్యకారుల సొసైటీ సెక్రటరీ కృపానందం గారి కుర్చీకి నాలుగో కాలు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మూల ఇటుకలు ఉండేవి. సెక్రటరీ గారు కూర్చున్నారు. కుర్చీ విరగలేదు. జనం నిరాశగా వెళ్ళిపోయారు.

రెండో వార్త. సొసైటీకి కంప్యూటర్ పిల్ల వచ్చింది. ప్రోతరాపూర్ జ్ఞానయ్య కూతురు, సారా. చిన్నప్పుడు జ్ఞానయ్యా నేనూ చాతం రేవులో ఫెర్రీ ఎక్కేవాళ్ళకి పల్లీలు అమ్మేవాళ్ళం. వాడు అమ్మేవాడు, నేను తినేవాణ్ణి. ఈ పిల్ల రోజూ బస్సులో వస్తుందట. ప్రస్తుతానికి టెంపరరీ. జెట్టీలో పెద్ద టీవీ పెట్టి ఏ బోటు సముద్రంలో ఉందో, ఏది ఒడ్డున ఉందో చూపించాలి. నవంబరులో పెద్దాఫీసు వాళ్ళు చూడడానికి వస్తారు. నచ్చితే పర్మినెంటు, నచ్చకపోతే ఇంటికి.

నా పని ఐసు దగ్గర. ఏ బోటు ఐసు తీసుకుంటే ఫోన్‌లో ఆ పేరు పక్కన టిక్కు పెడతాను. ఆ లిస్టుకి నేనే రాజుని.

మా ఆవిడ కామమ్మకి చదువు రాదు కాబట్టి ఈ డైరీ దాచక్కర్లేదు. బల్ల మీదే ఉంటుంది.

అక్టోబరు 11, శుక్రవారం

చిన్న పని ఒకటి చేశాను. ఐసు లిస్టులో కొత్త బోటు చేర్చాను. పేరు శ్రీ లేనమ్మ తల్లి. ఓనరు ఉత్తి బంగారురాజు. అలాంటి బోటు లేదు, అలాంటి మనిషీ లేడు. పేర్లలోనే చెప్పేశాను కదా, ఇంకేం మోసం.

కృపానందం గారు ఏ కాగితమూ చదవకుండా సంతకం పెడతారు. నెలాఖరు మీటింగులో బోట్ల పేర్లన్నీ ఆయనే పైకి చదువుతారు. అంత పెద్దమనిషి గొంతు సవరించుకుని "ఉత్తి బంగారురాజు, లేనమ్మ తల్లి" అని చదివే ఆ ఒక్క నిమిషం కోసం ఈ శ్రమంతా.

ఫోన్ నంబరు గడిలో నా పాత నంబరు వేశాను. ఆ సిమ్ము ఏనాడో చచ్చింది. బోటన్నాక ఐసు లేకుండా ఎలా వెళ్తుందని ఐసు టిక్కు కూడా పెట్టాను.

అక్టోబరు 12, శనివారం

నవ్వాపుకోలేక అన్నం సరిగ్గా తినలేదు. కామమ్మ నా నుదురు పట్టి చూసింది.

అక్టోబరు 15, మంగళవారం

సెక్రటరీ గారు లిస్టు చూశారు. ఆయన చూసింది పేరు కాదు, మనిషిని.

"యర్రయ్యా, ఈ బంగారురాజు ఎవరు? నయా ఆద్మీయా?"

"అవునండి. డిగ్లీపూర్ కాణ్ణుంచి ఒచ్చాడు."

"మనోళ్ళేనా?"

"భీమిలి దాటాక చిన్న పల్లంట."

"లేనమ్మ అంటే ఏ అమ్మవారు? నేను వినలేదే."

"మీరు చర్చికెల్లే మనుసులు, మీకేటి తెలుస్తాదండి."

"అదీ నిజమేలే" అన్నారాయన, చాలా మర్యాదగా.

పక్కనే మా బావమరిది నూకన్న వల బాగుచేసుకుంటున్నాడు. చెవి ఇటే ఉంది.

"పిల్లలున్నారా బావా ఆడికి?"

"ఇద్దరు. ఆడపిల్లలే" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నా నోటికి నా అవసరం లేదు, దానంతట అదే నడుస్తుంది. పెద్దది పాటలు పాడుతుందనీ, బంగారురాజుకి ఒక కాలు కొంచెం అవిటిదనీ కూడా చెప్పాను. నూకన్న వల పక్కన పెట్టేశాడు.

"కుంటికాల్తో సంద్రంలోకి" అన్నాడు. "బతకాల గదా."

అక్టోబరు 21, సోమవారం

వాన. ఐసుకి ఎవరూ రాలేదు. సారా దగ్గర కూర్చుని ఆమె కంప్యూటర్ చూశాను. నేను అక్షరాలు ఉంటాయనుకున్నాను. డబ్బాలున్నాయి. డబ్బాకీ డబ్బాకీ మధ్య తీగలు. ఎడమ పక్క డబ్బాలో లిస్టు పోస్తే అది తీగ వెంట నడిచి, మధ్యలో డబ్బాల్లో వడపోసుకుని, కుడి పక్క బోర్డయి బయటికొస్తుంది. బొమ్మ చూసి పని చెప్పేయొచ్చు. ఇలాగైతే నేను పదో తరగతి దాకా చదివేవాణ్ణి.

సారా మాత్రం తల పట్టుకుని ఉంది. ఎడమ పక్క బోట్ల లిస్టు ఉన్న డబ్బా ఒకటి కాదు, మూడున్నాయి. ఒకటి ఐసు లెక్కకి, ఒకటి డీజిలుకి, ఒకటి టీవీకి. మొదట్లో ఒకటే లిస్టట. ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు కాపీ తీసుకుని ఎవరిది వాళ్ళు దిద్దుకుంటూ పోయారు.

"చూడు మావయ్యా. పెద్దబ్బాయి గారనే ఓనరు బోటు అమ్మేశారు. ఐసు లిస్టులో తీసేశావు నువ్వు, ఠీక్ హై. డీజిల్ కాపీలో ఇంకా ఉంది. టీవీ కాపీలో కూడా ఉంది. లేని బోటుకి డీజిల్ ఇస్తున్నాం."

లేని బోటు అనగానే నాకు దగ్గొచ్చింది.

"ఏది సచ్చో ఏది ఝూటో నాకే తెలీట్లేదు" అంది.

"మూడూ ఝూటే అనుకో. బస్, హాయిగా నిద్రపడతాది."

"నీకు మజాక్, మావయ్యా. నాకు నవంబర్."

అని రెండు డబ్బాలు చెరిపేసింది. ఒక్కటే ఉంచింది. ఆ ఒక్క దాన్నుంచే మూడు తీగలు లాగి, ఒకటి ఐసుకి, ఒకటి డీజిలుకి, ఒకటి టీవీకి తగిలించింది. బొమ్మ ఒక్కసారిగా తేటపడింది. చిక్కు వల విడిపోయినట్టు ఉంది.

"ఏక్ హీ డబ్బా. ఇక్కడ దిద్దితే మూడు చోట్లా దిద్దినట్టే. పేర్లు శుభ్రం చేసేది కూడా ఇక్కడే, తీగలు చీలకముందే. తర్వాత ఎవరూ కాపీ తియ్యకూడదు."

"గేలాల తాడులాగ" అన్నాను. "పెద్ద తాడు ఒకటే, దానికే చిన్న తాళ్ళు, చిన్న తాళ్ళకి గేలాలు."

"వాహ్. పెద్దాఫీసు వాళ్ళకి ఇదే చెప్తా."

"పెద్ద తాడు కుళ్ళిపోతేనో?"

"అన్నీ పోతాయి. అందుకే దాన్ని బాగా చూసుకోవాలి."

ఆమె ఉంచిన డబ్బా ఐసుది. రోజూ తాజాగా ఉండేది అదేనట. అంటే నాది.

అప్పుడే చెప్పాల్సింది. మీటింగు దగ్గరకొచ్చింది, ఇంతా చేసి చేతికొచ్చిన వినోదాన్ని పాడు చేసుకోవడం దేనికనిపించింది. మీటింగు అవగానే చెప్పేస్తాను. ఇంతవరకూ దీనివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

అక్టోబరు 22, మంగళవారం

సారా పేర్లు శుభ్రం చేసింది. నూకాలమ్మ తల్లిని మా వాళ్ళు మూడు రకాలుగా రాశారు, మూడూ ఒకటయ్యాయి. ఈ కడుగుడులో లేనమ్మ కొట్టుకుపోతుందని ఆశపడ్డాను. కొట్టుకుపోలేదు. పేరు సరిగ్గా ఉంది, ఓనరు సరిగ్గా ఉన్నాడు, నంబరులో అంకెలన్నీ ఉన్నాయి.

"ఈ ఒక్క లైను మాత్రం ఏక్‌దమ్ సాఫ్. అందరూ ఇలా రాస్తే నాకు పనే ఉండదు" అంది.

లిస్టు మొత్తంలో అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది నా అబద్ధం.

అక్టోబరు 24, గురువారం

టీవీ పెట్టారు. ఒడ్డున ఉన్న బోట్లు పచ్చగా, సముద్రంలో ఉన్నవి ఎర్రగా కనబడతాయి. జనం సినిమాకి వచ్చినట్టు వచ్చారు.

శ్రీ లేనమ్మ తల్లి ఎర్రగా ఉంది. ఐసు తీసుకుంది కదా, తిరిగి రాలేదు కదా. నా పాత లిస్టులో తిరిగి రావడం అనే గడే ఉండేది కాదు. ఇప్పుడు ఒడ్డుకొచ్చిన డ్రైవరు మిషన్ మీద బొటనవేలు పెట్టాలి. పెడితేనే ఎరుపు పోయి పచ్చ వస్తుంది. బంగారురాజుకి బొటనవేలు లేదు. దాని వెనక చెయ్యి లేదు, చెయ్యి వెనక బంగారురాజు లేడు. ఎవరూ లేనప్పుడు నా వేలు పెట్టి చూశాను. "యర్రయ్య, ఐసు" అని పలికింది మిషను. పెట్టిన టిక్కు వెనక్కి తియ్యడం నా ఫోన్‌లో లేదు, సారా తియ్యాలి.

"మావయ్యా, ఈ బంగారురాజు గారిది లాంగ్ ట్రిప్పా?"

"ఆఁ. నార్కోండం దీవి ఏపు పోతానన్నాడు."

రాసిన తర్వాత చదువుకుంటే ఇక్కడ కూడా నిజం చెప్పే వీలుండింది.

అక్టోబరు 31, గురువారం

మీటింగు జరిగింది. సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. "ఉత్తి బంగారురాజు, శ్రీ లేనమ్మ తల్లి" అని గట్టిగా, స్పష్టంగా చదివారు. నేను కోరుకున్నట్టే.

ఎవరూ నవ్వలేదు.

వెనకనుంచి ఒక ముసలమ్మ అడిగింది, "ఆ కుంటి పిల్లడు ఇంకా రానేదా నాయనా?" ఆమె కొడుకు సముద్రంలో పోయినవాడు. హాలంతా టీవీ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. సెక్రటరీ గారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను, అందరికంటే ఎక్కువ.

నవంబరు 2, శనివారం

కామమ్మ వాకిట్లో కొబ్బరికాయ కొట్టింది.

"ఎవరికే?"

"లేనమ్మకి. ఆ అమ్మోరి పటం ఏడ దొరుకుతాదయ్యా?"

"ఆయమ్మ పటం తియ్యనియ్యదు."

కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టింది. తిన్నాను.

నవంబరు 4, సోమవారం

వాయుగుండం వార్త నిన్నే వచ్చింది. బోట్లన్నీ వెనక్కొచ్చేశాయి. డ్రైవర్లు వరసగా వేళ్ళు పెట్టారు, టీవీ గడి వెంట గడి పచ్చబడింది. ఒక్కటి మిగిలింది.

సెక్రటరీ గారు ఆ నంబరుకి ఫోన్ మీద ఫోన్ చేశారు. స్విచ్ ఆఫ్. సముద్రం బూడిద రంగులో ఉంది. ఒక బోటు రాకపోతే ముందు మన బోటే వెతకడానికి వెళ్ళాలి, అది మా జెట్టీ కట్టుబాటు, ఎవరూ రాసిపెట్టలేదు. నూకన్న బోటెక్కాడు. తోడు దానయ్య, ఇంకొకడు.

"ఇద్దరాడపిల్లలు బావా" అన్నాడు నాతో.

అప్పుడు నేను ఐసు పెట్టె మీదకెక్కి నిలబడ్డాను. ఆగండి అని కేక వేశాను. లేనమ్మా లేదు, బంగారురాజూ లేడు, అంతా నా పరాచికం అని జెట్టీ అంతటికీ వినబడేలా చెప్పాను. నూకన్న తాడు విప్పలేదు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. కృపానందం గారు కూడా. సారా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నూకన్న కిందికి దిగి నా వీపు మీద ఒకటి వేశాడు. అంతటితో అయిపోయింది.

నవంబరు 5, మంగళవారం

వాన. గాలి. జెట్టీకి వెళ్ళలేదు.

నవంబరు 6, బుధవారం

ఇవాళ కూడా వెళ్ళలేదు. ఒళ్ళు బాగాలేదు. నూకన్న ఇటు రాలేదు. వాడికేదో పని ఉండి ఉంటుంది. కామమ్మ ఆసుపత్రికి గంజి పట్టుకెళ్ళింది. నాతో మాట్లాడకుండా వెళ్ళింది.

బల్ల దగ్గరికి రావడం, డైరీ తెరవడం, మూసెయ్యడం. పొద్దుట్నుంచీ ఇదే పని.

నవంబరు 7, గురువారం

కామమ్మ మాట్లాడింది.

"లేనమ్మ అంటే లేని అమ్మ గదా."

నేను డైరీ మూసేశాను.

"నాకు సదువు రాదు గానీ మాట ఇనబడతాదయ్యా. నిన్న దానయ్య మంచం కాడ కూకుని ఆ పేరే అనుకుంటన్నాను. లేనమ్మ, లేనమ్మ అని. అలగనుకుంటే తెలిసిపోనాది."

ఆమె పళ్ళెంలో అన్నం వడ్డించింది.

"నానేటి మొక్కినట్టు? నీకు మొక్కినట్టా?"

పళ్ళెం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. అన్నం చల్లారాక ఇది రాస్తున్నాను.

సోమవారం నేను ఐసు పెట్టె ఎక్కలేదు. దాని వెనక నిలబడ్డాను. నూకన్న తాడు విప్పుతూ నన్నే అడిగాడు, "ఎటేపన్నావు బావా, నార్కోండమేనా?" అని. అటే అని చెయ్యి చూపించాను. నోటితో కాకుండా చేత్తో చెబితే అది అబద్ధం కాదన్నట్టు. బోటు వెళ్ళిపోయింది. అది చిన్నదయ్యేదాకా చూశాను.

సారా ఆఫీసులో ఉంది. ఆ ఎర్ర గడి మీద వేలు పెట్టి తీగ వెంట వెనక్కి వెళ్ళింది. మునుపైతే మూడు డబ్బాలు వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకటే. దాన్ని తెరిచి, ఆ లైనులో ఉన్న నంబరు తన ఫోన్‌లో కొట్టి, పలక్కపోతే, ఇది ఎవరిదో తెలుసా అని వాళ్ళ నాన్నకి చేసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"మావయ్యా, ఈ నంబర్ మా పపా ఫోన్‌లో నీ పేరు మీదుంది."

"పాతది. దాన్ని ఎవరికో..."

"బోటు ఉందా లేదా. ఒక్క మాట."

నేను ఐసు పెట్టె మూత సర్దాను.

"మావయ్యా. నూకన్న మావయ్య వెళ్ళాడు. ఉందా లేదా."

"నేదు" అన్నాను.

ఆమె వైర్‌లెస్ దగ్గరికి పరిగెత్తింది. "వాపస్ ఆ జావో, బోటు లేదు, వాపస్ ఆ జావో" అని అరుస్తూనే ఉంది. చాలాసేపటికి అవతలనుంచి నూకన్న గొంతు వినబడింది, "ఏటి నేదు? మునిగిపోనాదా?" అని. మునిగిపోయిందనుకుని ఇంకాస్త ముందుకే వెళ్ళాడట. ఆమె మళ్ళీ మళ్ళీ చెబితేనే తిప్పాడు. తిప్పేటప్పుడు అల అడ్డంగా కొట్టింది. దానయ్య కింద పడ్డాడు. చెయ్యి బోటు అంచుకీ డ్రమ్ముకీ మధ్య నలిగింది. రెండు చోట్ల విరిగింది. వలలు లాగే చెయ్యి.

దానయ్యని ఆటోలో పడుకోబెడుతుంటే కృపానందం గారు వచ్చారు. తడిసిపోయి ఉన్నారు.

"లేని బోటు బోర్డు మీదకి ఎలా వచ్చింది?" అని అడిగారు. ఎవరినని కాదు.

సారా నా వైపు చూసింది. నన్ను చెప్పనిద్దామని ఆగింది. ఆ ఆగడమే నాకు దొరికింది.

"మిషన్ తప్పండి" అన్నాను. "మూడు డబ్బాలు ఒకటి చేసింది గదా, కొత్త పిల్ల, అక్కడేదో కలిసిపోనాది."

ఎవరూ నన్ను అనుమానించలేదు. ఐసు దగ్గర మనిషికి డబ్బాల గురించి అబద్ధం చెప్పేంత తెలుసని ఎవరనుకుంటారు. ఆమే నేర్పింది నాకు, ఆ వాన రోజున.

"రేపట్నుంచి వద్దులే అమ్మా" అన్నారు సెక్రటరీ గారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. సారా నన్ను పట్టివ్వలేదు, తిట్టలేదు. సంచి తీసుకుని వానలో బస్సు స్టాపు వైపు వెళ్ళింది. జ్ఞానయ్య కూతురు.

ఇది రాశాక కూడా తేలిక కాలేదు. రేపు పొద్దున్నే వెళ్తాను. వెళ్తానని ఇక్కడ రాస్తే వెళ్ళినట్టు కాదని నాకు తెలుసు.

నవంబరు 8, శుక్రవారం

వెళ్ళాను. సొసైటీ గది నిండా జనం ఉన్నారు, నూకన్న కూడా ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. పేరు నేను పెట్టాననీ, టిక్కు నేను కొట్టాననీ, సారా తప్పు లేదనీ. మాట మధ్యలో నా గొంతు హాస్యం వైపు జారబోయింది, పేరులోనే ఉంది కదండీ అనబోయాను. నూకన్న మొహం చూసి ఆపాను.

"ఆ పిల్లలు?" అన్నాడు నూకన్న.

"నేరు."

"పాటలు పాడేది?"

"నేదు."

వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. పక్కనుంచి తప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు, నా చొక్కా కూడా తగలకుండా.

కృపానందం గారు సారాకి ఆయనే ఫోన్ చేశారు. అందరూ వింటుండగా క్షమించమన్నారు. ఆమె మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. నా వైపు చూడకుండా కూర్చుని ఆ ఒక్క డబ్బా తెరిచి ఆ ఒక్క లైను తీసేసింది. ఐసు లెక్కలో పోయింది, డీజిలు లెక్కలో పోయింది, టీవీ మీద ఎరుపు పోయింది. పెద్దాఫీసు వాళ్ళు వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఆమే ఉంటుంది. ఐసు ఫోను నా దగ్గర తీసుకున్నారు.

ఇక ఇందులో నేను కల్పించినవి. లేనమ్మ తల్లి, బంగారురాజు, అతని కాలు, ఇద్దరు కూతుళ్ళు, పాటలు. ఐసు పెట్టె ఎక్కడం, కేక వెయ్యడం, జెట్టీ అంతా నవ్వడం, నూకన్న నా వీపు మీద కొట్టడం. ఆరో తేదీన ఒళ్ళు బాగాలేదన్నది. అక్టోబరు ఇరవై ఒకటిన దీనివల్ల ఎవరికీ ఏమీ కాలేదని రాసింది మాత్రం ఆ రోజుకి నిజమే, దాన్ని చూసుకునే ధైర్యం తెచ్చుకున్నాను.

మిషన్ తప్పని నేను అన్న మాట కల్పన కాదు, అన్నాను. దానయ్య చెయ్యి కల్పన కాదు.